అరవై నాలుగు మెట్ల ఆకాశం

112వ రోజు

చూపరి పుస్తకంలో రోజుకొక అంకె, కింద ఒక సంతకం తప్ప ఇంకేమీ ఉండకూడదని నియమం. ఆ అంకె ఇవాళ నా మీదికే తిరగబడింది కాబట్టి మిగతాదంతా ఈ నోటుబుక్కులో రాస్తున్నాను. రేపు నా గురించి ఎవరేం చెప్పుకున్నా నా మాట కూడా ఒకటి ఉండాలి కదా.

పొద్దున ఆకాశం ఆరు అని చెప్పాను. తొమ్మిది మంది బక్కెట్లు పట్టుకుని సౌరపలకలు కడగటానికి పైకి వెళ్ళారు. గంట తిరగకముందే లిఫ్టు దిగింది. దిగినవాళ్ళు దిగినట్టే కూలబడ్డారు. అందులో మా తమ్ముడు ఓదెలు ఒకడు. వెళ్ళేటప్పుడు తెల్లగా ఉన్న తలగుడ్డలు పసుపుపచ్చగా మారి వచ్చాయి. పెద్దసర్దార్ మొండయ్య ఒక గుడ్డ తీసి నా పట్టీల పక్కన పెట్టి చూశాడు. పదకొండు.

చూపరిగా నా పని చెప్పుకోవటానికి చిన్నదే. పైనున్న కెమెరా తూర్పు ఆకాశాన్ని తీస్తుంది. ఆ బొమ్మ నిల్వగదిలో చేరి, అక్కడి నుంచి నా తెర మీదికొస్తుంది. నా దగ్గర పసుపు అద్దిన ఇరవై నాలుగు గుడ్డ పట్టీలుంటాయి. ఒకటోది తెలుపు, ఇరవై నాలుగోది ముద్దపసుపు. ఆకాశం ఏ పట్టీతో కలిస్తే అదే ఆ రోజు అంకె. ఏడు దాకా పైకి పోవచ్చు. ఎనిమిదైతే పసుపుగాలి, ఎవరూ కదలకూడదు. ఏడుకూ ఎనిమిదికీ తేడా గిన్నెడు పాలలో చిటికెడు పసుపు వేసినంత కూడా ఉండదు. దాన్ని పట్టటానికే ఈ బొగ్గు బాయిలో మా అమ్మమ్మ, మా అమ్మ, ఇప్పుడు నేను.

సాయంత్రం ఆ బొమ్మ మళ్ళీ తెరిచి చూశాను. ఆరే. పదిసార్లు చూశాను, పదిసార్లూ ఆరే. ఇంకొకరిని పిలిచి చూపించే రివాజు లేదు. నలుగురు చూస్తే నాలుగు అంకెలొస్తాయని చూపరి ఒక్కతే చూడాలి. మిగతావాళ్ళంతా కళ్ళు మూసుకుని నమ్మాలి. నమ్మే కదా వెళ్ళారు పాపం.

113వ రోజు

ఓదెలు ఛాతీ పిల్లనగ్రోవిలా మోగుతోంది. మంచం పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. వాడు నన్ను ఒక్క మాట అన్నా బాగుండేది. అనలేదు.

"నువ్వు పొమ్మన్నవనే పోయిన గద అక్కా," అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు.

ఇంటికొచ్చి గోడకు తల కొట్టుకున్నాను. మా ఆయన వచ్చి పట్టుకున్నారు. ఆయన నిల్వగది చూసుకుంటారు; కిందటేడు సర్దార్ కూడా అయ్యారు. నన్ను కూర్చోబెట్టి, దవాఖాన నుంచి తెచ్చిన మందు కళ్ళలో వేశారు. "నీ కండ్లు అలిసినయే రాజీ. ఇరవై ఏండ్ల సంది ఆ తెరకే అతుక్కుంటివి. ఎవలకైన అయితది," అన్నారు. నేను ఆయన భుజం మీద పడి ఏడ్చాను. తర్వాత ఆయనే జావ కాచి ఓదెలుకు తీసుకెళ్ళారు. ఇట్లాంటి మనిషి దొరకటం నా అదృష్టం అని ఆ పూట అనుకున్నాను.

117వ రోజు

తెర మీద ఆరు కనిపిస్తోంది. నా నోటి నుంచి ఎనిమిది వస్తోంది. వరసగా నాలుగు రోజులు ఇదే తంతు. ఇంకొకరి కొడుకు ఛాతీ మోగటం నేను వినలేను.

కానీ పలకల మీద దుమ్ము పేరుకుపోయింది. సగం దీపాలు ఆర్పేశారు. పై ఎండకు తాళలేక మా తాతలు ఈ పాత బొగ్గు బాయిలోకి దిగి డెబ్బయ్యొక్క ఏళ్ళయింది. అప్పటి నుంచీ మమ్మల్ని బతికిస్తున్నవి ఫ్యాన్లే. అవి ఇప్పుడు ఈడ్చుకుంటూ తిరుగుతున్నాయి. నూట ఇరవై ఏడో రోజుకల్లా పలకలు కడక్కపోతే కింది వీధులకు గాలి అందదట. పంపితే ఒక చావు, పంపకపోతే ఇంకో చావు. వంటశాలలో నేను గిన్నె పట్టుకుని నిలబడితే ముందున్నవాళ్ళు మాటలు ఆపేస్తున్నారు.

మొండయ్య వచ్చి నూట ఇరవై రెండో రోజు నాకు కంటి పరీక్ష అని చెప్పి వెళ్ళాడు. తప్పితే పుస్తకం ఇంకొకరి చేతికి పోతుంది. పోనీ, పోతే పోనీ. కానీ కొత్త మనిషికి నేర్పటానికే రెండేళ్ళు పడుతుందే, నూట ఇరవై ఏడున ఎవరు చూసి చెప్తారు?

122వ రోజు

సభ ముందు పరీక్ష పెట్టారు. ఇరవై నాలుగు పట్టీలు కలగాపులగం చేసి బల్ల మీద పోశారు. వరసగా పేర్చాలి. పట్టీల వెనక ఉన్న అంకెలు మొండయ్య తర్వాత తిప్పి చూస్తాడు. మొదటి డజను ఒకదానికొకటి ఎంత దగ్గరంటే, పక్కపక్కవి చూసేవాళ్ళకు ఒకే గుడ్డ ముక్కలు. నా కళ్ళు తడబడలేదు. పేర్చేశాను. మొండయ్య ఒక్కొక్కటి తిప్పాడు. ఒకటి, రెండు, మూడు... ఇరవై నాలుగు. ఒక్కటీ తప్పలేదు.

నా గుండెల మీద కుంపటి దిగింది అనుకున్నాను. దిగలేదు. "కండ్లు మంచిగనే ఉన్నయి. అంటే ఆ పొద్దు నువ్వు సరిగ చూడలేదన్నట్టు," అన్నాడు మొండయ్య. తల కొట్టేసినట్టయింది. కళ్ళు పోయినదాన్నయితే జాలిపడేవాళ్ళు. ఇప్పుడు పొగరుబోతుదాన్ని, సోమరిపోతుదాన్ని, తమ్ముణ్ణి పొట్టన పెట్టుకోబోయినదాన్ని.

ఇంకొకటి కూడా రాయాలి. నేను గెలిచినప్పుడు మా ఆయన మొహం చూశాను. సంతోషం లేదు. ఇంటికొచ్చాక, కావాలని రెండు తప్పులు చేసి ఉంటే సరిపోయేది, జబ్బు అనుకుని ఊరుకునేవాళ్ళు అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్న కళ్ళను లేవని చెప్పుకోమంటాడా మొగుడు?

123వ రోజు

ఇవాళ అన్నం కూడా ముట్టలేదు, ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆకాశం పదకొండు. అది తలగుడ్డలు చెప్పాయి. నా కన్ను మంచిది. అది పట్టీలు చెప్పాయి. కానీ నేను చూసింది ఆరు. ఆకాశానికీ నా కంటికీ మధ్య ఇంకేముంది? బొమ్మ ఉంది.

బాయిలోకి దిగిన మొదటి సంవత్సరం, రంగు చదవటానికి యంత్రాన్ని నమ్మారు. అది ఆకాశం బాగుందంది. నలభై మంది పైకి పోయి తిరిగి రాలేదు. అప్పటి నుంచి యంత్రం మాట వినం, మనిషి కన్నే ప్రమాణం. ఏటేటా కంటికి పరీక్ష పెడతాం, నేత్రపండగ అని ఆ రోజు పాయసం కూడా వండుతాం. డెబ్బయ్యొక్క ఏళ్ళలో బొమ్మకు మాత్రం ఎవరూ పరీక్ష పెట్టలేదు. కన్ను చూస్తోంది కదా అనుకున్నాం కానీ, కన్ను చూస్తున్నది దేన్నని ఒక్కరమూ అడగలేదు. మాలాంటి తెలివైనవాళ్ళు ఎక్కడుంటారు!

విడి కెమెరా ఒకటి పెట్టెలో ఉంటుంది. మూత తీసి, దాని ముందు నా పట్టీలన్నీ దండెం మీద వేసి బొమ్మ తీశాను. మామూలు దారిలోనే అది నిల్వగదికి వెళ్ళి నా తెర మీదికొచ్చింది. పన్నెండో పట్టీ నుంచి దేనికదే విడిగా వచ్చింది. ఒకటి నుంచి ఐదు దాకా ఒకే తెలుపు. ఆరు నుంచి పదకొండు దాకా ఒకే రంగు. అటూ ఇటూ మార్చి వేసి మళ్ళీ తీశాను. అదే. ఆ ఆరు పట్టీలూ నా తెర మీద ఒక్కటే పట్టీ, ఆరో పట్టీ.

ఇంకా ఉంది. ఏడాదికి పైగా నా తెర మీద సన్నటి ఇసుక చల్లినట్టు పొడిపొడిగా కనపడుతోంది. పైన ఇసుక కొట్టి కెమెరా అద్దం గీసుకుపోయిందని మా ఆయన చెప్పారు. సరే అనుకున్నాను. ఈ విడి కెమెరా ఎప్పుడూ పైకి పోలేదు. అద్దం మెరుస్తోంది. అయినా బొమ్మ మీద అదే పొడి. అంటే ఆ పొడి అద్దం మీదిది కాదు.

124వ రోజు

పొద్దునే నిల్వగదికి వెళ్ళాను. ఏమీ అడగకుండా ఇల్లు నిలబెట్టుకుందామా అని దారిలో రెండుసార్లు ఆగాను. ఆగి మళ్ళీ నడిచాను. దండెం బొమ్మ ఆయన ముందు తెరిచి, ఇదేమిటని అడిగాను. ఆయన లేచి తలుపు మూశారు. తలుపు మూసినప్పుడే నాకు అర్థమైపోయింది.

ఇదివరకు ఆయన అని రాశాను. ఇక పేరుతోనే రాస్తాను. సమ్మయ్య.

సమ్మయ్య చెప్పినదంతా ఇక్కడ రాసి పెడుతున్నాను. బొమ్మలు దాచే నిల్వ డబ్బాలు ఒకటొకటిగా చచ్చిపోతున్నాయి. కొత్తవి చేసేవాళ్ళు లేరు. కిందటేడు సభలో మాత్రం, పదేళ్ళకు సరిపడా జాగా ఉందని గొప్పగా చెప్పాడు. దండ వేశారు, సర్దార్‌ను చేశారు, నేను కూడా చప్పట్లు కొట్టాను. నిజానికి ఉన్నది ఏడాది జాగా. ఎక్కువ జాగా తినేది నా ఆకాశమే. మేము చదివిందే మిగలాలి, మిగిలిందే చదవాలి అని నియమం ఉంది కాబట్టి ప్రతి బొమ్మా నిల్వ అయ్యాకే నాకొస్తుంది. దాన్నే కోశాడు. రంగుకు పన్నెండు బిట్లున్నదాన్ని ఆరు బిట్లు చేశాడు. బొమ్మ బరువు సగమైంది, ఇచ్చిన మాట అప్పటికి నిలబడింది.

బిట్లంటే ఏమిటో ఈ నోటుబుక్కు చదివేవాళ్ళకు తెలియకపోవచ్చు. రంగును నిచ్చెన అనుకోండి. అడుగున నలుపు, పైన తెలుపు. ఒక్క బిట్టు తీసేస్తే నిచ్చెన మెట్లు సగమవుతాయి. నా నిచ్చెనకు నాలుగు వేల తొంభై ఆరు మెట్లుండేవి. ఆరుసార్లు సగం చేస్తే మిగిలినవి అరవై నాలుగు. నిచ్చెన ఎత్తు తగ్గలేదు కాబట్టి చూసేవాళ్ళకు నలుపు నలుపుగానే, తెలుపు తెలుపుగానే ఉంటుంది. మెట్టుకూ మెట్టుకూ మధ్య నిలబడ్డ ఛాయలే, కాళ్ళ కింద ఏమీ లేక దగ్గర్లో ఉన్న మెట్టు మీదికి జరిగిపోతాయి. ఆరు నుంచి పదకొండు దాకా అన్నీ ఒకే మెట్టెక్కి కూర్చున్నాయి. వాటి మధ్యలోనే మావాళ్ళ ప్రాణాలున్నాయి.

మెట్లు అంత పెద్దవైతే నాకు కనపడాలి కదా, తెల్లవారుజాము ఆకాశం చారలు చారలుగా రావాలి కదా అని అడిగాను. అప్పుడు తల దించుకున్నాడు.

"అందుకే పొడి చల్లిన. నీ కన్ను సంగతి నాకెరుక లేదా? చార కనవడితె మొదటి దినమే పట్టేస్తవ్," అన్నాడు.

కోయకముందు సన్నగా చల్లి ఉంటే పోయిన ఛాయల జాడ కొంతైనా మిగిలేదట, అది కూడా అతనే చెప్పాడు. కానీ అట్లా చేస్తే బొమ్మ చిన్నగా మడతపడదు, జాగా తింటుంది. అందుకని కోసిన తర్వాత, నా తెర మీద మాత్రమే చల్లాడు. అది పోయినదాన్ని తెచ్చేది కాదు, పోయిందని నాకు తెలియకుండా కప్పేది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో కానీ నన్ను పట్టనివ్వకుండా మాత్రం శ్రద్ధగా ఏర్పాటు చేశాడు. బాయి మొత్తంలో నా కన్ను ఎంత మంచిదో అందరికంటే బాగా తెలిసినవాడు, ఆ తెలివితోనే నన్ను గుడ్డిదాన్ని చేశాడు.

ఓదెలు పడిపోయిన రోజైనా ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే సర్దార్‌గిరీ పోతుంది, బాయి నుంచి వెలేస్తారేమోనని భయపడ్డాడట. రెండు రోజుల్లో గుట్టుగా బిట్లు పెంచేస్తాడట, ఎవరికీ తెలియదట. నేను మాత్రం రేపటి సభలో కళ్ళు బాగాలేవని ఒప్పుకోవాలట. "నీకు పోయేదేముందే, పుస్తకమే గద," అన్నాడు.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. నాలుగు వందల పన్నెండు రోజులు. ఈ ఏడాది ఎక్కువగా ఒకటో ఆరో వస్తుంటే, ఆకాశం కుదురుకుంది, పసుపుగాలి రోజులు తగ్గాయి అని బాయంతా సంబరపడ్డాం. ఎనిమిది, తొమ్మిదిలకు మనిషి కూలడు కాబట్టి, వంటశాలలో ఎక్కువైన దగ్గులను బొగ్గుపొడి అని సర్దిచెప్పుకున్నాం. ఆ నాలుగు వందల పన్నెండు అంకెలూ నా చేతిరాతే.

125వ రోజు

సభకు అందరూ వచ్చారు. ఫ్యాన్లు ఈడుస్తున్నాయి, గాలి బరువుగా ఉంది. నేను లేచి, తప్పు నా కంటిది కాదు, బొమ్మది అన్నాను. ఎవరు చేశారో ముందు చెప్పలేదు. అతనే లేచి చెప్తాడని ఆశ. ఎంత పిచ్చిదాన్నో చూడండి, నిన్నటి తర్వాత కూడా ఆశపడ్డాను.

మొండయ్య సమ్మయ్యను అడిగాడు, నిల్వలో ఏమైనా మార్పు చేశావా అని. సమ్మయ్య నిలబడి, నా వైపు చూడకుండా జవాబు చెప్పాడు.

"తమ్ముడు గట్లయినప్పటి సంది ఆమె మనసు మంచిగ లేదు పెద్దయ్యా. నేనే చూసుకుంట, ఇంటికి తోలుకపోత."

జనం జాలిగా నా వైపు తిరిగారు. ఆ జాలి చూస్తే చెంపదెబ్బ నయం అనిపించింది. మాటలతో పని కాదని తెలిసి, విడి కెమెరా తెచ్చి సభ మధ్యలో పెట్టాను. ముందు వరసలో ఉన్న ఆరుగురిని పిలిచాను. ఆరో పట్టీ నుంచి పదకొండో పట్టీ దాకా తలా ఒకటి చేతికిచ్చి వరసగా నిలబెట్టాను. పట్టీల వెనక అంకెలు చదువుకోమన్నాను. గుడ్డలు పక్కపక్కన పెట్టి చూసుకోమన్నాను. ఆరుకూ పదకొండుకూ తేడా ఎవరికైనా కనిపిస్తుంది. గుడ్డివాళ్ళు కారు కదా. తర్వాత బొమ్మ తీసి పెద్ద తెర మీద వేశాను.

తెర మీద ఆరుగురు నిలబడి ఒకే గుడ్డ పట్టుకున్నారు.

మొదట చిన్నపిల్లలు నవ్వారు. పెద్దవాళ్ళెవరూ నవ్వలేదు. పదకొండో పట్టీ పట్టుకున్న మల్లవ్వ, ఆమె మొగుడు కూడా ఓదెలు పక్క మంచం మీదే ఉన్నాడు, చేతిలో గుడ్డ చూసింది, తెర చూసింది, మళ్ళీ గుడ్డ చూసింది. "మా ఆయన ఆ పొద్దు పోయింది దీంట్లకా?" అని అడిగింది. మొండయ్య సమ్మయ్యను రెండోసారి అడిగాడు. సమ్మయ్య కూర్చుండిపోయి, అవునన్నాడు. పొడి సంగతి నేను చెప్పాను.

వెలివేయాలని కొందరు, దీపాల్లేని చీకటి వీధిలో బంధించాలని కొందరు కేకలు వేశారు. నష్టపోయినవాళ్ళు శిక్ష చెప్పటం మా బాయి పద్ధతి. మొండయ్య నా వైపు తిరిగి చెప్పమన్నాడు. పలకలు కడిగే గుంపులో వేయండి అన్నాను. పైన ఆకాశం ఎంతుందో రోజూ నేను చూసి చెప్తాను, అతను నా మాట మీద పోవాలి అన్నాను. అది చాలని మొండయ్య ఒప్పుకున్నాడు. నాకు మాత్రం అది శిక్షలా తోచలేదు. ఇన్నాళ్ళూ మిగతావాళ్ళు చేసిందే కదా.

దవాఖానకు వెళ్ళి ఓదెలుకు నేనే చెప్పాను. రోజూ జావ తెచ్చి తాగించిన బావే ఈ పని చేశాడని వాడికి ఎంతకీ నమ్మకం కుదరలేదు. నమ్మాక గోడవైపు తిరిగి పడుకున్నాడు.

127వ రోజు

పన్నెండు బిట్లు తిరిగొచ్చాయి. జాగా కోసం పాత సభల రికార్డులు తుడిచేశారు. ఇకనుంచి పై కెమెరా ముందు కూడా ఒక వరస పట్టీలు కట్టి ఉంటాయి, ఆకాశంతో పాటు అవీ బొమ్మలో పడతాయి. ముందు ఇరవై నాలుగూ విడివిడిగా కనపడితేనే ఆకాశం చదవాలి. నేనొక్కదాన్నే కాకుండా ఇంకో ఇద్దరు కూడా చూడాలని నేనే అడిగి పెట్టించుకున్నాను. వాళ్ళు నేర్చుకునేదాకా మాత్రం మాట నాదే. కోసేసిన నాలుగు వందల పన్నెండు ఆకాశాలు ఇక రావు. పోయిన ఛాయలను తిరిగి కల్పించే విద్య ఎవరి దగ్గరా లేదు.

పొద్దున తెర తెరిచాను. పొడి లేదు. ఏడాది తర్వాత ఆకాశం అడుగు నుంచి పై దాకా ఎక్కడా తెగకుండా జారింది. పట్టీలు లెక్కపెట్టాను, అన్నీ ఉన్నాయి. ఆకాశం ఐదు. తిరుగులేని ఐదు. ఫ్యాన్లకు ప్రాణం వచ్చే రోజు.

లిఫ్టు దగ్గర తొమ్మిది మంది ముక్కుకు గుడ్డలు కట్టుకుని నిలబడ్డారు. నేను ఐదు అన్నాను. మల్లవ్వ తలూపి బక్కెట్టు ఎత్తుకుని అందరికంటే ముందు ఎక్కింది. ఆమె వెనక మిగతావాళ్ళు ఎక్కారు. సమ్మయ్య ఎక్కలేదు.

"నిజంగ ఐదేనా రాజీ?" అన్నాడు.

ఐదే అన్నాను. ఇంకోసారి చూడరాదా అన్నాడు. లిఫ్టులో ఎనిమిది మంది ఎదురుచూస్తుంటే మళ్ళీ వెళ్ళి చూసి వచ్చాను. ఐదే అన్నాను. నా మొహంలోకి చూస్తున్నాడు, నేను తెరలోకి చూసినట్టు, ఎక్కడైనా ఏదైనా కప్పి ఉందేమోనని. అప్పుడు తెలిసింది. కక్షతో అంకె మార్చి చెప్పి తనను చంపుతాననుకుంటున్నాడు. నేను ఎనిమిది మందిని కూడా కలిపి చంపుతాననుకుంటున్నాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఈ మనిషికి చెడు కోరి నేను ఒక్క అబద్ధం చెప్పలేదు.

లిఫ్టు అతను లేకుండానే వెళ్ళింది. అతను బక్కెట్టుతో అక్కడే నిలబడ్డాడు. పుస్తకంలో ఐదు అని రాసి సంతకం పెట్టాను. ఓదెలు పడిన రోజు ఏడ్చాను, తలుపు మూసిన రోజు ఏడవలేదు, సభలో ఏడవలేదు. ఇవాళ ఏడ్చాను. మధ్యాహ్నం ఎనిమిది మంది తెల్లటి తలగుడ్డలతో దిగారు.